శేషాచలం కూలీ కథ మీరే తీయాలి: తెలుగు సినిమా దర్శకులకు, రచయితలకు తిరుపతి నుంచి బహిరంగ లేఖ

తెలుగు సినిమా దర్శకులకు, కథలూ మాటలూ రాసేవాళ్లకు నమస్కారం.

నేను చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. కాపురం తిరుపతిలో. పండక్కి కొత్త సినిమా వచ్చిందంటే పిల్లల్ని వెంటబెట్టుకుని మొదటి వారంలోనే హాలుకు వెళ్లే కుటుంబం మాది. సినిమా అంటే గిట్టనివాళ్లు రాసిన ఉత్తరం అనుకుని దీన్ని పక్కన పెట్టొద్దని మనవి.

అధికారం, పోలీసు, కులం, డబ్బు కలిసి మనిషిని అణిచేసే కథలు మీరు చాలానే తీస్తున్నారు. వాటిలో అణిగిపోయే మనిషికి దక్కేది పావుగంట. దెబ్బలు తింటాడు, కాళ్లు పట్టుకుంటాడు, చచ్చిపోతాడు. అది చూసి హీరోకి కోపం వస్తుంది. అక్కణ్నుంచి సినిమా అంతా ఆ కోపానిదే. చచ్చిపోయినవాడి పేరేమిటని హాలు బయట అడిగితే చెప్పేవాళ్లుండరు. ఆ మనిషి చేతికే కథ ఇవ్వమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. మా కొండ కింద జరిగిన సంగతినే ముందు పెడతాను.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, చంద్రగిరి మండలం పరిధిలో, ఎర్రచందనం దొంగరవాణాను అడ్డుకునే టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల వాళ్లు ఎక్కువ. రాళ్లతో, గొడ్డళ్లతో మీద పడితే ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ముందే పట్టుకుని, తర్వాత అడవిలోకి తీసుకెళ్లి చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. తోటివాళ్లను బస్సులోంచి దించి తీసుకుపోయారని ప్రాణాలతో మిగిలినవాళ్లు చెప్పారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. విషయం హైకోర్టుకూ వెళ్లింది. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేశారు.

ఆ వారం మా స్టాఫ్ రూములో, టీ అంగడి దగ్గర, బస్సులో నా చెవినబడ్డ మాట ఒకటే: ‘దొంగలే గదా!’

ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇంటికి ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపే మనుషులే. ఇరవై శవాల ముందు అంత తేలిగ్గా ఆ మాట ఎట్లా వచ్చిందని నేను చాలా ఆలోచించాను. కారణాలు చాలా ఉంటాయి, అందులో సినిమా వాటా మాత్రం చిన్నది కాదని నా నమ్మకం. తుపాకీ పట్టిన పోలీసు హీరో కోర్టునీ లాయర్నీ తిట్టి, నిందితుణ్ని నిలబెట్టి కాల్చేస్తే ఈలలు వేసి నేర్చుకున్న తరాలు మావి. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య అభియోగంతో విచారణ జరపాలని చెప్పింది. పూలు చల్లిన చేతుల్లో ఈ నివేదిక చదివినవి ఎన్నో నాకు తెలియదు. ఆ చేతులు ముందు హాల్లో చప్పట్లు కొట్టిన చేతులని మాత్రం తెలుసు.

అడవి కాపలా ఎంత కష్టమో నేను మర్చిపోలేదు. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్ని స్మగ్లింగ్ ముఠా వాళ్లు చంపేశారు. వాళ్లకూ ఇళ్లూ పిల్లలూ ఉన్నారు. అడవి కాపలా కాసే వాచర్ల ఇళ్ల నుంచి మా బడికి పిల్లలు వస్తారు. నాన్న కూంబింగ్‌కి వెళ్లిన రోజు ఆ పిల్లల మొహాల్లో టెన్షన్ నేను చూస్తూనే ఉంటాను. ఆ చావులకూ ఒక సినిమా కావాలి. దాని కోసం ఇరవై మంది కథ మూసిపెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు ‘పుష్ప’ గురించి చెప్పాలి. 2021లో ఆ సినిమా వచ్చినప్పుడు మా జిల్లాలో ఎంత సంబరపడ్డామో మీకు తెలియకపోవచ్చు. చిత్తూరు యాసంటే దశాబ్దాలుగా తెరమీద కామెడీ వాళ్లకూ విలన్ పక్కనుండే వాళ్లకూ పెట్టే యాస. అదే యాసలో హీరో మాట్లాడాడు, దేశమంతా అనుకరించింది. తండ్రి ఇంటిపేరు వాడుకునే హక్కు లేక నలుగురిలో అవమానపడే మనిషి బాధ అందులో ఉంది. అది కూడా అణచివేతే, ఆ సన్నివేశాల్లో నాకు కన్నీళ్లొచ్చాయి. కానీ ఆ మనిషి దుంగలు మోసే కూలీగా మొదలై పైకి పోతాడు. అతను పైకి పోయాక అతని పక్కన దుంగ మోసినవాళ్లు ఏమయ్యారు? సినిమా వాళ్ల వెంట పోలేదు. శేషాచలం పేరుతో తెరమీద కనిపించిన అడవి కూడా చాలావరకు మారేడుమిల్లిదే. చిత్రీకరణ ఇబ్బందులు నాకు అర్థమవుతాయి, దాన్ని తప్పు పట్టను. ఈ అడవిలో చచ్చిపోయిన మనుషులు కూడా కథలోంచి తప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా బడిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు ఎర్రచందనం ఆట ఆడతారు. ఒకడు హీరో. భుజం ఒక పక్కకు ఎత్తి, గడ్డం కింద చెయ్యి రాస్తూ నడుస్తాడు. ఇద్దరు ముగ్గురు పోలీసులు. మిగిలినవాళ్లు కర్రలు భుజాన పెట్టుకుని వరసలో నడిచే కూలీలు. పోలీసు ‘ఢాం’ అనగానే వాళ్లు పడిపోవాలి. కూలీ వేషం ఎవరికి పడుతోందో కొన్నాళ్లు గమనించాను. దాదాపు ప్రతిసారీ ఎస్టీ కాలనీ పిల్లలకే. ఒకసారి ఏడో తరగతి పిల్లవాణ్ని పిలిచి ‘నువ్వెప్పుడూ హీరో కావేంరా?’ అని అడిగాను. ‘నేను బాగా పడతా టీచర్, అందుకే నన్నే పెడతారు’ అన్నాడు. వాడి మాటలో బాధేమీ లేదు. ఒక పనిలో తాను గట్టివాణ్నన్న ధీమా ఉంది. వాడు బాగా పడడం ఎక్కడ నేర్చుకున్నాడో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ కూలీ ఎవరు? ఇక్కడి ఊళ్లలో ఎవర్నడిగినా వరస చెప్తారు. కొండ ఊరికి మేస్త్రీ వస్తాడు. అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు వచ్చిన రోజే పాత అప్పుకో పెళ్లికో ఆస్పత్రికో పోతుంది. అడ్వాన్సు తిన్నాక రానని చెప్పడానికి ఉండదు. కొందరికి చెట్టు పని అని తెలుసు, కొందరికి ఇంకేదో పని అని చెప్తారు. బియ్యం, పప్పు, చింతపండు, బీడీ కట్టలు మూట కట్టుకుని చీకట్లో అడవి ఎక్కుతారు. చెట్టు కొట్టి, పైనున్న తెల్లచెక్క చెక్కేసి, లోపలి ఎర్రటి చేవను మాత్రం దుంగగా మిగిల్చి భుజానికెత్తుకుంటారు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చేవ అది. గుడ్డ మడిచి భుజం మీద పెట్టుకున్నా తోలు ఊడుతుంది. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లోని ఈ దక్షిణపు కొండల్లోనే. రోడ్డు మీద కారులోకి ఎక్కించుకున్నవాడికి, ఓడరేవు దాటించినవాడికి, పై దేశంలో కొన్నవాడికి అడవిలో తుపాకీ ఎదురుపడదు. మేస్త్రీకీ పడదు. ఇంత కథ ఉంది. ఇందులో హీరో లేడు కాబట్టి సినిమా కాదనడం న్యాయం కాదు.

హీరో లేని కథలు తెలుగు సినిమాకు కొత్తా? గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లోనే ‘మాలపిల్ల’ తీశారు. గుడిలోకి రానివ్వని కులాల గురించి ఆ రోజుల్లో తెరమీద మాట్లాడటం మామూలు సంగతి కాదు. మరుసటి ఏడాది ఆయనే ‘రైతుబిడ్డ’ తీసి జమీందారీ మీదికి వెళ్లారు. జమీందార్లకు మంటెత్తింది, సినిమా నిషేధం దాకా పోయింది. 1977లో మృణాల్ సేన్ బెంగాల్ నుంచి వచ్చి, ప్రేమ్‌చంద్ కథ తీసుకుని, మన భాషలో ‘ఒక ఊరి కథ’ తీశారు. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు గార్ల ‘మా భూమి’ వచ్చింది. ఎనభైల్లో విప్లవ సినిమాల వరద వచ్చింది. వాటిలో కొన్నిటిని ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ అక్కడే ఒక పాడు అలవాటు కూడా పడింది. ఆడమనిషి మీద అఘాయిత్యం జరిగితే తప్ప హీరో తిరగబడడు. కెమెరా ఆమె చిరిగిన బట్టల మీద ఉన్నంతసేపు ఆమె మొహం మీద ఉండదు.

దాని పక్కన నర్సింగరావు గారి ‘దాసి’ పెట్టి చూడండి. 1988 సినిమా. దొరసానితో పాటు గడీకి, అంటే దొర బంగళాకి, వచ్చిన దాసి కమలాక్షిగా అర్చన చేశారు. ఆమెకు ఉత్తమ నటి జాతీయ అవార్డు, సినిమాకు మొత్తం ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో ఫైటు లేదు, ఉపన్యాసం లేదు. ఊడవడం, నీళ్లు మోయడం, పిలిస్తే పోవడం, నిలబడమంటే నిలబడడం. దొర వల్ల కడుపొస్తే ఉంచుకోవాలా తీయించుకోవాలా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. అన్నిటికీ ఆమె మొహం మనకు కనపడుతూ ఉంటుంది. సినిమా ఆమె నడిచినంత నిదానంగా నడుస్తుంది. అణచివేతంటే కొరడా దెబ్బ ఒక్కటే అనుకునేవాళ్లకు అది ఎక్కువగా ఏ రూపంలో ఉంటుందో ఆ సినిమా చూపించింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మన టైము మనది కాకపోవడమే ఆ రూపం. మా పదో తరగతి పిల్లలకు అందులో కొంత చూపిస్తే క్లాసంతా నిశ్శబ్దమైంది. ఓ పిల్ల లేచి ‘ఆమె ఎందుకు పారిపోలేదు టీచర్?’ అని అడిగింది. దాని మీద గంటసేపు మాట్లాడుకున్నాం. యాడికి పోతుందని ఒకరు, పోతే ఇంట్లోవాళ్లనేం చేస్తారోనని ఒకరు. పదిహేనేళ్ల పిల్లలతో అంత చర్చ నేను ఏ పాఠంతోనూ చేయించలేకపోయాను.

ఇక మన పక్క రాష్ట్రం. తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన ‘విసారణై’లో మొదటి సగం జరిగేది మన గుంటూరులో. బతుకుదెరువుకు వచ్చిన తమిళ కుర్రాళ్లను చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు స్టేషన్లో చితకబాదుతారు. ఎనభైల మొదట్లో గుంటూరులో తాను పడ్డ దెబ్బల్ని కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ పుస్తకంగా రాస్తే దాని ఆధారంగా తీసిన సినిమా అది. మన గడ్డ మీద, మన భాష మాట్లాడే లాఠీ కింద జరిగిన కథను తమిళులు వచ్చి తీసుకున్నారు. ఆ సినిమా వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లింది 2015లోనే, శేషాచలంలో ఆ ఇరవై మంది చనిపోయిన ఏడాదే.

2021లో ‘జై భీమ్’ వచ్చింది. తెలుగు డబ్బింగ్‌లో మా వీధిలో చూడని ఇల్లు లేదు. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ మరణం ఆధారంగా తీసిన కథ. అందులోనూ లాయరు పెద్ద స్టారే, నా ఫిర్యాదు దానికీ కొంత వర్తిస్తుంది. కానీ ఆ చనిపోయినవాడి భార్య, నిండు గర్భిణి సెంగేణి పోలీసు జీపు ఎక్కనని నడిచి పోతుంటే, ఆ జీపు ఆమె వెనకే నెమ్మదిగా రావాల్సి వచ్చే సన్నివేశం ఉంది. అక్కడ కథ ఆమె చేతిలో ఉంది. మా వీధిలో అందరూ ఏడ్చారు. ఏడ్చి, మరుసటి రోజు మా యానాది కాలనీ మీదుగా మామూలుగా నడిచిపోయారు.

ఎరుకల, యానాదుల లాంటి తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన చట్టం ఒకటి ఈ దేశంలో 1871లో వచ్చి 1952లో గానీ పోలేదు. పోయినా, ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందుగా ఏ కాలనీకి జీపు వెళ్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. శ్రీహరికోట ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో బతికింది యానాదులు. రాకెట్ల మీద సినిమాలు వచ్చాయి, దీవి వదిలి వచ్చినవాళ్ల మీద ఒక్కటి నేను చూడలేదు. 2025లో మా జిల్లాలోనే, కొన్ని వేల రూపాయల అప్పు కింద బాతులు మేపే యజమాని దగ్గర ఒక యానాది తల్లి తన కొడుకును వదలాల్సి వచ్చింది. తీర్చడానికి వెళ్తే పిల్లవాణ్ని ఇవ్వలేదు. చివరికి ఆ పిల్లవాడు చనిపోయాడని, తమిళనాడులో పూడ్చిపెట్టారని బయటపడింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. ఈ వార్త పేపర్లో రెండు మూడు రోజులు నడిచి ఆగిపోయింది. పేపరు ఆగిన చోట సినిమా మొదలుకావాలని నేననుకుంటాను.

సెన్సారు సంగతి ఎత్తుతారని తెలుసు. ఆ భయం ఉత్తది కాదు. పోలీసు హింస, కులం మీద సంధ్యా సూరి తీసిన హిందీ సినిమా ‘సంతోష్’ బయటి దేశాల్లో ఆడింది, 2025లో మన దేశంలో మాత్రం సెన్సారు దగ్గరే ఆగిపోయింది. సెన్సారు మీద అప్పీలుకు ఉన్న ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టుకే పోవాలి. ఖర్చు, కాలం రెండూ నిర్మాత నెత్తిన పడతాయి. అయినా గొడవ చేస్తామని ఎవరో బెదిరిస్తే ఆ బెదిరింపు చూసి భావస్వేచ్ఛను అణచకూడదని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసు కూడా రిజర్వేషన్ల మీద వచ్చిన ఒక తమిళ సినిమా గురించే.

ధైర్యానికి దూరం పోనక్కర్లేదు, మా పక్కనున్న నెల్లూరు చాలు. నెల్లూరు బిడ్డ, తెలుగు కవి తిక్కవరపు పట్టాభిరామరెడ్డి గారు 1970లో కన్నడంలో ‘సంస్కార’ తీశారు. కుల కట్టుబాట్లను నిలదీసిన ఆ సినిమాను మద్రాసు సెన్సారు మొదట ఆపేసింది. తర్వాత అనుమతి వచ్చింది, దేశంలోనే ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో చంద్రిగా నటించిన ఆయన భార్య స్నేహలతారెడ్డి గారిని ఎమర్జెన్సీలో, 1976లో అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసంతో జైల్లో నరకం చూశారు. 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే చనిపోయారు. తెరమీద అణచివేతను చూపించిన మనిషి తెర బయట దానికే బలైపోయారు. ఈ ఇద్దరి కథ కూడా తెలుగులో ఎవరూ తీసినట్టు నాకు తెలియదు. నటి, కవి, జైలు డైరీ, పెళ్లి, ఉద్యమం అన్నీ ఉన్న కథ. నిర్మాతలు భయపడాల్సిన పనేముంది?

డబ్బు గురించి కూడా ఒక మాట. ‘దాసి’కీ ‘మా భూమి’కీ కోట్లు లేవు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ పెద్ద స్టారు లేకుండానే శ్రీకాకుళం వాసన తెచ్చింది. మీలో పెద్ద సినిమాలు తీసేవాళ్లు ఒక పెద్ద సినిమా తర్వాత ఒక చిన్న సినిమాకు మీ పేరు ఇస్తే చాలు, హాలు దొరుకుతుంది. మీ పేరు చూసి మా ఊళ్లలో జనం వస్తారు, నేను మాటిస్తున్నాను.

తీస్తే మాత్రం కొన్ని పనులు చేయండి. కూలీల చేత తమిళమే మాట్లాడించండి, కింద తెలుగులో అక్షరాలు వేయండి. మా చిత్తూరు, తిరుపతి వైపు చాలామందికి తమిళం అర్థమవుతుంది, మిగతావాళ్లు చదువుకుంటారు. ఇరవై మందికీ పేర్లు పెట్టండి, ఊళ్లు పెట్టండి, ఇంట్లో ఎదురుచూసే మనుషుల్ని పెట్టండి. పోలీసుల్లోనూ రాత్రిపూట నిద్రపట్టనివాడు ఒకడు ఉంటాడు, వాణ్నీ రాయండి. స్టేషన్లో కొట్టే సన్నివేశం తీయాల్సి వస్తే హాల్లో ఎవరూ ఈల వేయలేనట్టు తీయండి. యానాది వేషం యానాది మనిషికే ఇవ్వండి, రోజు కూలీ లెక్కన కాకుండా నటుడికిచ్చే లెక్కన డబ్బివ్వండి. స్క్రిప్టు అయ్యాక ఒక సాయంత్రం మా ఎస్టీ కాలనీలో చదివి వినిపించండి. వాళ్లు కాదన్న సీను తీసేయండి.

సినిమా విడుదలకు ముందు మీరంతా తిరుమలకు వస్తారు, దర్శనం చేసుకుని సాయంత్రం విమానానికి వెళ్లిపోతారు. ఈసారి రెండు రోజులు ఎక్కువ ఉండేట్టు రండి. మొదటి రోజు చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్లలో వాచర్లతో, ఎస్టీ కాలనీ వాళ్లతో మాట్లాడదాం. రెండో రోజు చిత్తూరు, వేలూరు మీదుగా తిరువణ్ణామలై వైపు వెళ్లి, జవ్వాదు కొండల మీద ఊళ్లలో కూర్చుందాం. అసిస్టెంట్లను పంపొద్దు, మీరే రావాలి. నాకు తమిళం వచ్చు. వేసవి సెలవుల్లో బడి ఉండదు, ఎవరు ముందు కబురు చేస్తే వాళ్లతో బయల్దేరతాను.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్, తిరుపతి